ఊరందరి అల్లుడు

పోయినవారం జాయ్సీని పరజలంకలో వెంకటనరసమ్మ ముసలమ్మ అరుగు మీద, చేతిలో మజ్జిగ గ్లాసుతో వదిలేసి వచ్చాం. ఆ మజ్జిగ ఆ పిల్ల తాగనే లేదు. తాగుదామని ఎత్తేసరికి ముసలమ్మ ఒక మాట అంది. గ్లాసు మళ్ళీ అరుగు మీదికే చేరింది.

మరచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే పత్రిక చేత పట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. జాయ్సీది పెంటపాడు. తండ్రి కృపానందం మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. పిల్ల యూనివర్సిటీలో ఆంత్రోపాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. అదేం చదువండీ అని ఊళ్ళో ఎవరైనా అడిగితే "మనుషుల్ని చదవడం అండీ" అంటాడు కృపానందం. "దానికి యూనివర్సిటీ ఎందుకండీ, మా ఆవిణ్ణి పంపిస్తాను, ఊరందరి జాతకాలూ చదివేస్తుంది" అని వాళ్ళు నవ్వుతారు. కృపానందం నవ్వడు. కూతురు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అవుతుందని ఆయన ఆశ.

కొల్లేటి మధ్యనున్న పరజలంకలో ఏడాదికి పైగా ఉండి, అక్కడ ఎవరు ఎవరిని ఏ వరసతో పిలుస్తారో జాయ్సీ రాసుకొచ్చింది. మూడు చాప్టర్ల దాకా బాగానే నడిచింది. నాలుగో చాప్టర్ దగ్గర గైడుతో చెడింది. గైడు ప్రొఫెసర్ ఈశ్వరప్రసాద్, సుమారు ముప్ఫై ఏళ్ళ కిందట అదే పరజలంక మీద పుస్తకం రాసి పేరు సంపాదించుకున్నవాడు. ఆ పుస్తకానికి ప్రాణం ఒకటే ముక్క. లంక జనం బయటినుంచి వచ్చిన అతిథిని 'అల్లుడు' అని పిలుస్తారు, పరాయివాణ్ణి అలా వరస కలిపి లోపలికి తీసుకోవడం వాళ్ళ ఆచారం, నన్నూ అలాగే పిలిచారు అని. 'అతిథి అల్లుడు' అన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, పరీక్షల్లో ప్రశ్నయింది. జాయ్సీ కూడా ఎమ్మేలో దాన్ని రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకుంది.

తీరా ఊళ్ళో ఉండి చూస్తే అలాంటి ఆచారమే లేదు. చేపలు కొనడానికొచ్చే షావుకారు అక్కడ 'బాబాయ్'. సూదిమందు వెయ్యడానికొచ్చే నెల్సన్ 'డాక్టరు తమ్ముడు'. స్కూలు మాస్టారు ఉత్త 'మాస్టారు'. అల్లుడని పిలిచేది భూప్రపంచకంలో ఒక్క ఈశ్వరప్రసాద్‌నే. ఆ సంగతి రాసినందుకు ఆయన థీసిస్ మీద సంతకం ఆపేశాడు. ఈ నెలాఖరుతో రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. సంతకం పడకపోతే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే. ఆ మనిషినొక్కణ్ణే అల్లుడని ఎందుకంటారో తేల్చుకుందామని లంకకు వెళితే, వెంకటనరసమ్మ అన్న మాట ఇది:

"ఉత్తుత్తి అల్లుడు కాదే పిల్లా, నిజం అల్లుడే. మా ఇంటి పిల్లని దిగవిడిచి పోయి అక్కడ దొరలాగా తిరుగుతున్నాడు వాడు. దాని ఉసురు తగలకుండా పోద్దా?"

అక్కడ ఆపాం. ఇక రండి.

*

ఆదివారం పొద్దున్న చర్చి గంట కొడుతుంటే జాయ్సీ తాడేపల్లిగూడెం స్టేషన్‌లో పాసింజరు ఎక్కింది. తల్లి సత్యవతి గుమ్మం దాకా వచ్చి "ఆరాధన మానుకుని పోయేంత రాచకార్యం ఏవిటే" అంది. తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "సంతకం పడేదాకా తల వంచుకోమ్మా, తర్వాత నీ ఇష్టం" అని మాత్రం అన్నాడు. ఆ మాటే దారి పొడుగునా ఆమె ఒళ్ళు మండించింది. తల వంచి వంచి మెడ పట్టేసింది మరి. చాప్టర్ తీసెయ్యమంటే ఎందుకండీ అని అడగకూడదు. అడిగితే పొగరంటాడు. డిపార్ట్‌మెంటులో నలుగురి ముందు "ఈ అమ్మాయి ఫీల్డ్‌కి వెళ్ళిందో పిక్నిక్‌కి వెళ్ళిందో" అన్నాడు మొన్న. అంతమందిలో ఒక్కరు నోరు విప్పలేదు.

ఇవాళ లెక్క వేరు. ఇవాళ ఆమె దగ్గర ఆయుధం ఉంది. పెద్దమనిషి ఫీల్డ్‌వర్కు పేరుతో లంకలో మకాం పెట్టి, అక్కడ ఒక ఆడపిల్లను పెళ్ళాడి, ఆమెను వదిలేసి వచ్చి, తనను అల్లుడని ఎందుకంటున్నారో లోకానికి సంజాయిషీగా ఒక సిద్ధాంతం అల్లేశాడు. ఎంత తెలివి! దాన్ని మేమందరం బట్టీ పట్టాం. అని పళ్ళు నూరుకుంటూ పవర్‌పేట స్టేషన్‌లో దిగి, రిక్షా కూడా ఎక్కకుండా ఎండలో ప్రొఫెసర్ ఇంటికి నడిచింది.

తలుపు తీసింది ఆయన భార్య సీతారత్నం. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. "రామ్మా, ఎండన పడి వచ్చావు, కూర్చో" అని ఫ్యాను వేసి, మంచినీళ్ళిచ్చి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. హాల్లో గోడనిండా షీల్డులు. పడవలో నిలబడి, పక్కన పూలదండలతో లంక జనం ఉన్న ఈశ్వరప్రసాద్ ఫొటో ఒకటి, పటం కట్టించి మధ్యలో పెట్టారు.

ఆయన పంచె సర్దుకుంటూ వచ్చాడు. గోదావరి మనుషులకు కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరుగుతుంది, తెలియనివాళ్ళు అది చూసి మోసపోతారు.

"రండి మేడమ్ గారూ. ఆదివారం కదా, ప్రార్థనలు లేవాండీ?"

"మానుకుని వచ్చానండీ."

"అయ్యయ్యో. నాలుగో చాప్టర్ తీసేసి తెచ్చారా మరి?"

"లేదు సార్."

"అయితే కాఫీ తాగి వెళ్ళండి. పన్నెండింటికి బండి ఉంది తాడేపల్లిగూడెం."

జాయ్సీ బ్యాగులోంచి థీసిస్ ప్రతి, దాని పైన సంతకం పెట్టాల్సిన కాగితం తీసి టీపాయ్ మీద పెట్టింది. ఆయన దాని వంక చూడలేదు.

"మీకొక సంగతి చెబుతానమ్మా, ఏమీ అనుకోవద్దు," అన్నాడు నెమ్మదిగా. "వరసలనేవి పుస్తకాల్లో రావు. ఇంట్లో, ఉగ్గుపాలతో రావాలి. మీ చర్చిలో అందరూ బ్రదర్లూ, అందరూ సిస్టర్లూ. మామెవరో అల్లుడెవరో మీకు ఎక్కడ తెలుస్తుంది? ఇది మీ సబ్జెక్టు కాదు. ఆ రోజే చెప్పాను, ఏ పోషకాహారం మీదో చెయ్యమని."

ఎంత మాట! జాయ్సీ చెవులు వేడెక్కాయి. "మా ఇంట్లో కూడా మేనత్తలూ మేనమామలూ ఉన్నారండీ. చర్చికి వెళ్ళినంత మాత్రాన వాళ్ళు మాయమైపోరు."

"ఉంటారు, ఉంటారు. తెలియాలి కదా."

"తెలుసు కాబట్టే వచ్చాను. మీరు సంతకం పెట్టకపోతే రేపు రీసెర్చ్ కమిటీకి ఉత్తరం రాస్తాను సార్."

"ఏమని?"

"పరజలంకకు మీరు అతిథి కారని."

అంతే. ఈశ్వరప్రసాద్ మొహంలో ఆ మర్యాదంతా ఒక్కసారి కారిపోయింది. ఆయన లేచాడు. జాయ్సీ మీదికి రాలేదు, బయటికి పొమ్మనలేదు. తిన్నగా వంటింటి వైపు వెళ్ళి, హాలుకీ వంటింటికీ మధ్యనున్న తలుపు చప్పుడు కాకుండా మూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. జాయ్సీ అది చూసింది. చూసి, గెలిచేశాననుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?" మేడమ్ పోయింది, మీరు పోయింది. గొంతు తగ్గించి అడిగాడు. "ఏం చెప్పారు?"

"అంతా చెప్పారు."

"అంతా అంటే?"

"మీకు ఆ ఊళ్ళో పెళ్ళయిందని. ఆ అమ్మాయిని వదిలేసి వచ్చేశారని. అల్లుడు, అతిథి, ఆచారం అంతా కట్టుకథని. ఒక ఆడదాని గొంతు కోసి దాని మీద పుస్తకం రాసుకున్నారని."

ఇక్కడే ఒక వింత జరిగింది. రెండో పెళ్ళి చేసుకున్నావని నెత్తిన బండ వేస్తే ఏ మగాడైనా ఏం చేస్తాడు? అరుస్తాడు, లేదా కాళ్ళ బేరానికి వస్తాడు. ఈశ్వరప్రసాద్ ఆ రెండూ చెయ్యలేదు. గుండె నిండా గాలి పీల్చి వదిలాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలేసుకున్నాడు. నవ్వాడు కూడాను.

"పెళ్ళా? నాకా?"

ఇది తప్పుచేసినవాడి నవ్వు కాదు, తప్పించుకున్నవాడి నవ్వు. ఆ తేడా జాయ్సీకి తెలుసు. ఎందుకు నవ్వుతున్నాడో మాత్రం తెలియలేదు.

"రాయమ్మా. తప్పకుండా రాయి. కమిటీకి రాయి, వైస్ చాన్సలర్‌కి రాయి, పేపర్లకెక్కించు. పెళ్ళికూతురి పేరు కూడా రాయి. ఏ పేరు రాస్తావు? తాళి ఎవరు చూశారు? పంతులెవరు? నీ రిజిస్ట్రేషన్ ఎలాగూ పోతుంది. దాంతోపాటు పరువు నష్టం దావా ఒకటి. మీ నాన్నగారు పెద్దమనిషి, కోర్టు మెట్లు ఎక్కగలరా ఈ వయసులో? పాపం, నాకే జాలేస్తోంది."

"వెంకటనరసమ్మ గారు అబద్ధం చెప్పరు."

"ఎనభై దాటిన ముసలిది. నిన్న తిన్న కూర గుర్తుండదు దానికి."

"మీ మాట మాత్రం బాగానే గుర్తుంది సార్ ఆవిడకి."

"బయటికి నడు."

ఆ మాట కటువుగానే వచ్చింది. జాయ్సీ లేచింది గానీ కదలలేదు. అప్పుడు తలుపు తెరుచుకుంది. కాఫీ కప్పుల ట్రేతో సీతారత్నం గుమ్మంలో నిలబడి ఉంది. మూసిన తలుపు సన్నటి చెక్క, అది ఏ మాటనీ ఆపలేదు. ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉన్నా, చేతిలో కప్పులు మాత్రం గలగలలాడలేదు.

"కూర్చో అమ్మాయ్," అంది.

"సీతా, నువ్వు లోపలికి వెళ్ళు. స్టూడెంట్ల గొడవ ఇది."

"ఏవండీ, నన్ను కట్టుకున్నాక రెండోదో, నాకు ముందు మొదటిదో, అది మీ స్టూడెంట్ల గొడవ కాదు కదండీ." ట్రే టీపాయ్ మీద పెట్టి, భర్త ఎదుటి కుర్చీలో కూర్చుంది. "చెప్పమ్మా. ఆ ముసలావిడ ఏమంది? నువ్వు అనుకున్నది కాదు, ఆవిడ అన్నది. ఉన్నదున్నట్టు చెప్పు."

జాయ్సీకి సిగ్గేసింది. ఆయన మీద కోపంతో వచ్చిందే గానీ, ఈ మనిషి ఇల్లు కూల్చాలని రాలేదు. కానీ అడుసు తొక్కడం అయిపోయింది. కళ్ళు నేల మీద పెట్టుకుని, ముసలమ్మ మాటల్ని ముసలమ్మ యాసలోనే అప్పజెప్పింది. నిజం అల్లుడే. మా ఇంటి పిల్లని దిగవిడిచి పోయి. దొరలాగా తిరుగుతున్నాడు వాడు.

"వాడు అందా?" అంది సీతారత్నం.

"అందండీ."

"కోపంలో అందా, ఎప్పుడూ అలాగే అంటుందా?"

జాయ్సీ ఆలోచించింది. రెండేళ్ళ కిందట సార్ వెంట స్టూడెంట్లంతా లంకకు వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. వెంకటనరసమ్మ గట్టు మీదినుంచే కేకేసింది. ఏరా అల్లుడూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అని. దగ్గరికొచ్చాక వీపు మీద ఒక్కటి చరిచింది కూడా. లంక మోటుతనం అనుకుని స్టూడెంట్లు నవ్వుకున్నారు.

"ఎప్పుడూ అలాగేనండీ. ఏరా అంటారు."

"మా పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటింది," అంది సీతారత్నం. "మా అమ్మ ఈయన ఎదురుగా ఇవాళ్టికీ కుర్చీలో కూర్చోదు. అల్లుడుగారు భోంచేశారా అంటుంది. ఒకసారి ఈయన నన్ను అందరి ముందూ నానా మాటలూ అన్నారు. అప్పుడు కూడా మా అమ్మ, అల్లుడుగారికి కోపం వచ్చిందే అంది గానీ వాడు అనలేదు."

ఆ మాట జాయ్సీ చెవిన పడి, నేరుగా వెళ్ళి తన థీసిస్ మూడో చాప్టర్‌కి తగిలింది. ఆ చాప్టర్ నిండా ఉన్నది అదే. లంకలో అత్తగారు అల్లుడి ముందు నిలబడదు, పేరు పెట్టి పిలవదు, తలుపు వారగా మాట్లాడుతుంది. వెంకటనరసమ్మ మనవరాలి మొగుడు చంటి, మూతి మీద మీసం సరిగా రాని కుర్రాడు. ఆ చంటి వస్తే ముసలమ్మ పైట భుజం నిండా కప్పుకుని "రండి, దయచెయ్యండి" అంటుంది. చంటికి దయచెయ్యండి, అరవై దాటిన ప్రొఫెసర్‌కి ఏరా! కళ్ళెదురుగా రాసుకున్నా, రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చర్చిలో వరసలేం తెలుస్తాయన్న మాట ఇప్పుడు ఇంకోసారి, ఇంకా లోతుగా దిగింది.

అల్లుడంటే కూతురి మొగుడు ఒక్కడేనా? ఎమ్మే మొదటి క్లాసులో బోర్డు మీద సుద్దముక్కతో రాసి చెప్పింది ఈ ఈశ్వరప్రసాదే. తెలుగువాళ్ళకి కూతుర్ని కట్టుకున్నవాడూ అల్లుడే, మేనల్లుడూ అల్లుడే, రెండింటికీ మాట ఒకటే, ఈ దేశంలో బంధుత్వం అర్థం కావాలంటే ముందు ఇది అర్థం కావాలి, రాసుకోండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. ఆడపడుచు కొడుకుని ఏ అత్తయినా ఏరా అంటుంది. ఆడపడుచు కొడుకుని వీపు మీద చరుస్తుంది.

"కూతురు కాదు," అంది జాయ్సీ పైకే. "ఆవిడ చెప్పిన పిల్ల కూతురు కాదు. ఆవిడ ఆడపడుచు."

ఈశ్వరప్రసాద్ నవ్వు ఆగిపోయింది. కాలు మీద కాలు దిగింది.

"ఏవండీ," అంది సీతారత్నం, గొంతు పెంచకుండా. "మీ అమ్మగారు మిమ్మల్ని కని పోయారన్నారు కదండీ. పెళ్ళిచూపుల్లో మా నాన్నగారితో అన్నారు. గణపవరంలో మీ ఇంట్లో ఆవిడ ఫొటో కూడా లేదని నేనడిగితే, చిన్నప్పుడే పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ రాత్రి నేను కూడా ఏడ్చాను మీతో."

ఎవరూ కాఫీ ముట్టలేదు.

"అవును," అన్నాడాయన చివరికి. క్షమించమన్నట్టు అనలేదు, ఏం చేస్తావో చెయ్యమన్నట్టు అన్నాడు. "లంక మనిషి. మా నాన్న కొల్లేట్లో సాగు చేయించడానికి వెళ్ళేవాడు. ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. నాకు మాటలు వచ్చీ రాని వయసులో తెచ్చి గణపవరంలో పెంచుకున్నాడు. మా నాన్న భార్యకి పిల్లల్లేరు. తల్లి చచ్చిపోయిన చుట్టాలబ్బాయి అన్నారు, తర్వాత కొడుకన్నారు. నిజం చెబితే మీ నాన్న నాకు పిల్లనిచ్చేవాడా సీతా? చెప్పు. ఇచ్చేవాడా?"

సీతారత్నం గోడ మీది పడవ ఫొటో వంక చూసింది.

"ఇవ్వడు. ఉద్యోగం కూడా రాదు. వచ్చినా, చేపలు పట్టేదాని కొడుకని వెనకాల నవ్వుకుంటారు. పుస్తకం రాస్తే తప్ప ఆ ఊరు వెళ్ళడానికి నాకు సాకు లేదు. వెళితే నా వెనకాల స్టూడెంట్లు వచ్చేవారు, ఫారిన్ వాళ్ళు వచ్చేవారు. వాళ్ళ ముందు ఆ ముసలాళ్ళు అల్లుడా, అల్లుడా అని మీద పడేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు నేను కుట్టలేను కదా. అందుకని రాశాను. ఆచారం అని రాశాను."

"అబద్ధానికి ఫుట్‌నోట్లు కూడా పెట్టారు సార్," అంది జాయ్సీ. "అది నిజం కాదని నేను రాస్తే, పొగరన్నారు. ఫీల్డ్‌కి వెళ్ళలేదన్నారు. మతం ఎత్తారు."

"అన్నాను. మళ్ళీ అంటాను."

ఆయన గొంతులో పశ్చాత్తాపం చుక్కంత లేదు. జాయ్సీకి ఒక్క క్షణం కలిగిన జాలి కూడా దాంతో ఆరిపోయింది. అదే క్షణంలో ఆమెకు ఇంకో సంగతి తట్టింది. వెంకటనరసమ్మకు ఆడపడుచులు ఎంతమంది? ఊరి వంశవృక్షాలన్నీ గీసింది తనే. ఒక్కతే. వదినకి ఎనభై దాటినా ఆడపడుచు ఎప్పటికీ 'మా ఇంటి పిల్లే'. ఆ పిల్ల పేరు నాగరత్నం. జాయ్సీ ఏడాదికి పైగా ఉన్నది ఆవిడ ఇంట్లోనే. ఆవిడ చేతి చేపల పులుసు తిని, ఆవిడ పక్కన చాప వేసుకుని పడుకుంది. పిల్లల్లేరా అమ్మమ్మా అని మొదటివారమే అడిగితే, చింతపండు పిసుకుతూ "లేరమ్మా" అంది. తలెత్తకుండా అంది. పిల్లలు లేని ముసలమ్మ అని జాయ్సీ చార్టులో ఆ పేరు కింద గీత గీసి, ఖాళీగా వదిలేసింది.

"ఇప్పుడావిడ ఎక్కడున్నారండీ?" సీతారత్నం భర్తను అడిగింది.

ఈశ్వరప్రసాద్ టీపాయ్ మీది కాగితం ముందుకు లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. జాయ్సీ అంతకాలం ఎదురుచూసిన సంతకం, పూర్తి పేరుతో, కింద తేదీతో సహా, నింపాదిగా పెట్టాడు. పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"పోయింది సీతా," అన్నాడు. "ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇంకా తవ్వుకుని ఏం లాభం." అని, జాయ్సీ వంక తిరిగాడు. కళ్ళలోకి సూటిగా చూశాడు. "కదమ్మా జాయ్సీ? ఆ ఊళ్ళో ఉన్నావు కదా, నీకు తెలుసు. నాలుగో చాప్టర్ కూడా నీ ఇష్టం వచ్చినట్టే ఉంచుకో. నేను అడ్డు రాను."

చెయ్యి తీసి కాగితాన్ని రెండంగుళాలు ఆమె వైపు జరిపాడు.

సీతారత్నం కూడా ఆమె వైపే చూస్తోంది. "నువ్వు చెప్పమ్మా," అంది. "ఈ ఇంట్లో నాకు నిజం చెప్పేవాళ్ళు లేరు. నువ్వు చెబితే నమ్ముతాను."

జాయ్సీ ఆ సంతకం వంక చూసింది. నిజంగానే చూసింది, దాచడం ఎందుకు. చెయ్యి చాపితే అందుతుంది. అవునండీ, పోయారటండీ అంటే చాలు, రేపు పది గంటలకు ఆఫీసులో ఇచ్చెయ్యొచ్చు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుని చర్చికి వెళ్ళి అందరికీ చెప్పుకోవచ్చు. పైగా ఆ ముసలమ్మే తనకు పిల్లల్లేరని చెప్పుకుంది, మధ్యలో తనదేం పోయింది? ఒక్క మాటకు ఇంత దూరం వచ్చింది. ఒక్క మాటతో తిరిగి వెళ్ళిపోవచ్చు. ఏడుపొచ్చింది. ఈ మనిషి ముందు ఏడవకూడదని దవడలు బిగించుకుంది.

"బతికే ఉన్నారండీ," అంది. "నాగరత్నం గారు. నిన్నగాక మొన్న నా తలకి నూనె రాసి జడ వేశారు."

ఈశ్వరప్రసాద్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. మధ్యకు మడిచి చింపాడు. ఆ ముక్కల్ని కలిపి మళ్ళీ చింపి, కాఫీ ట్రేలో వేశాడు. తొందరేమీ పడలేదు. "నెలాఖరు దగ్గరికొచ్చింది అమ్మాయ్. నీకు ఇంకో గైడు దొరకడు. దొరక్కుండా నేను చూస్తాను," అన్నాడు.

సీతారత్నం లేచింది. అల్మారా మీదినుంచి కారు తాళాలు తీసుకుంది. చీర కూడా మార్చుకోలేదు.

"ఎక్కడికి?"

"మా అత్తగారి దగ్గరికండీ. పెళ్ళయ్యాక మొదటిసారి వెళుతున్నాను, వట్టి చేతుల్తో వెళ్ళకూడదు. దారిలో పండో ఫలమో తీసుకుంటాను." జాయ్సీ భుజం మీద చెయ్యి వేసింది. "పద. దారి నువ్వు చెబుదువు గాని."

"సీతా, నువ్వు ఆ గుమ్మం దాటితే..."

"మీరు రానక్కర్లేదండీ," అంది ఆవిడ, ఆ మాట పూర్తి కానివ్వకుండా.

ఆవిడ గేటు తీసి కారు బయటికి తియ్యడానికి వెళ్ళింది. జాయ్సీ వరండాలో నిలబడి చెప్పులు వెతుక్కుంటోంది. పక్కనే హాలు కిటికీ. లోపల ఈశ్వరప్రసాద్ ఫోన్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. లాయర్‌కి చేస్తున్నాడేమో, కమిటీ వాళ్ళకేమో అనుకుంది. అవతల ఫోన్ ఎత్తారు. ఈయన మాట్లాడాడు. అది క్లాసులో పాఠం చెప్పే గొంతు కాదు, ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ వినని గొంతు.

"అమ్మా, నేనే. ఆ చదువుకునే పిల్ల చెప్పేసిందే. ఇద్దరూ కారేసుకుని వత్తన్నారు. తలుపుకి తాళమేసి, పడవెక్కి ఎటన్నా ఎల్లిపో."